గెలిచినవాళ్ళకి పదకొండు మార్కులు

మా మేనమామ క్లైవ్ టినియన్ హేవర్‌బెక్ రగ్బీ క్లబ్బుకు ఇరవై ఏళ్ళకు పైగా అధ్యక్షుడు. మా అమ్మకు తోడబుట్టినవాడు అతనొక్కడే. నాకు ఆరేళ్ళప్పుడు మొదటి జత బూట్లు కొన్నది అతను. నా పదిహేడో ఏట నాన్న పోతే, శవపేటిక ముందువైపు ఒక పక్క నేను, రెండో పక్క అతను మోశాం. నన్ను కెప్టెన్‌గా ప్రకటించిన రోజున క్లబ్బు గదిలో అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నదీ అతనే. ఇవన్నీ ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ పని పరాయివాడు చేసి ఉంటే నేను నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ణి.

మా ఊళ్ళో ఒకప్పుడు ఇనుపరాతి గనులుండేవి. అవి మూతపడ్డాక మిగిలింది రగ్బీయే. పదమూడుమంది ఆడే రగ్బీ. పదిహేనుమంది ఆడేది దొరబాబుల ఆటని మావాళ్ళ లెక్క. మాది రెండో అంచె జట్టు కాబట్టి అందరికీ వేరే పనులున్నాయి. నేను నీటి సరఫరావాళ్ళ దగ్గర పగిలిన పైపులు బాగుచేస్తాను. షేన్ హడ్డర్ట్ ఇళ్ళకి పరంజాలు కడతాడు. షేనూ నేనూ ఒకే వీధిలో పుట్టి, ఒకే బల్ల మీద చదువుకుని, పద్నాలుగేళ్ళు ఒకే జట్టులో పక్కపక్కన ఆడినవాళ్ళం. స్క్రమ్‌లో, రెండు జట్లూ భుజాలు కలిపి తోసుకునేటప్పుడు, వాడి చెయ్యి నా మెడ మీదుండేది. వాడి ఊపిరి వింటేనే వాడికి ఎక్కడ నొప్పిగా ఉందో నాకు తెలిసిపోయేది.

పాత పద్ధతిలో అయితే రెండో అంచె ఫైనల్ గెలిచిన జట్టు మరుసటి ఏడు పై అంచెకు వెళ్ళేది. పై అంచెలో అట్టడుగున ఉన్న జట్టు కిందికి దిగేది. అయిదేళ్ళ క్రితం క్లబ్బులన్నీ కూర్చుని, ఓటు వేసుకుని, దాన్ని తీసిపారేశాయి. ఇప్పుడు ప్రతి క్లబ్బుకూ ఇరవైకి ఇన్నని మార్కులిస్తారు. మైదానం ఎలా ఉంది, పెద్ద తెర ఉందా, జనం ఎంతమంది వస్తారు, ఫోన్లలో ఎంతమంది చూస్తారు, చుట్టుపక్కల ఎంతమంది బతుకుతున్నారు, ఇలా. ఆటలో గెలుపోటములకు వచ్చేది నాలుగో వంతు మార్కులే. మొత్తం మీద మొదటి పన్నెండు క్లబ్బులు పై అంచె. మిగతావాళ్ళు కిందే.

"మనూరి చుట్టూ గిరి గీస్తే సగం సముద్రమే కదరా," అన్నాడు షేన్ ఆ నిబంధనలు చదివి. "చేపల్ని కూడా జనాభాలో కలపమను. పాసైపోతాం."

ఆ ఓటింగ్ నుంచి మామయ్య తిరిగొచ్చిన సాయంత్రం క్లబ్బు గది కిక్కిరిసి ఉంది. కోటు కూడా విప్పకుండా కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "నేను వద్దనే చెయ్యెత్తాను. నాతో ఇంకో ముగ్గురు. అంతే. ఓడిపోయాం," అన్నాడు. ఆ రోజు అతన్ని ఎవరూ తన డబ్బుతో బీరు తాగనివ్వలేదు.

నేను చెప్పబోయే ఏడాది మేం బాగా ఆడాం. ఎంత బాగా అంటే, మమ్మల్ని తిట్టడమే పనిగా మైదానానికి వచ్చే ముసలాళ్ళు తిట్లు దొరక్క వాతావరణాన్ని తిట్టేవాళ్ళు. సెమీఫైనల్ కూడా గెలిచాం. కానీ ఆ ఆటలోనే షేన్ కుడి మోకాలు మెలితిరిగింది. స్కాన్ తీసిన డాక్టరు మోకాల్లో మెత్తటి ఎముక చిరిగిందని, నెలలోపు ఆపరేషన్ చేస్తే మళ్ళీ ఆడొచ్చనీ, ఈలోగా ఇంకో ఆట ఆడితే మాత్రం తను ఏ మాటా ఇవ్వలేననీ చెప్పాడు. ఫైనల్ ఎనిమిది రోజుల్లో ఉంది.

గురువారం సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక మామయ్య బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చాడు. మామూలుగా రాడు.

"అబ్బాయిలూ, ఒక్క మాట. మార్కుల లెక్క అంతా చూశాను. కాగితం నా దగ్గరుంది. మనం పన్నెండో స్థానానికి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాం. ఆదివారం గెలిస్తే ఆ వెంట్రుక కూడా ఉండదు. పైకెళ్తాం."

ఎవరో బల్ల మీద గుద్దారు. ఆ తర్వాత అందరూ గుద్దారు. మామయ్య బయటికి వెళ్తూ నా భుజం పట్టుకుని నడవాలోకి తీసుకెళ్ళాడు.

"షేన్ సంగతేంటి?"

"డాక్టరు వద్దన్నాడు మామా. వాడు ఇంకా తేల్చుకోలేదు."

"వాడు లేకపోతే కష్టం రస్. నీకూ తెలుసు."

"తెలుసు."

"నేను చెప్తే అధ్యక్షుడు చెప్పినట్టుంటుంది. నువ్వు చెప్తే వేరు."

శనివారం మధ్యాహ్నం షేన్ ఇంటికి వెళ్ళాను. వాడి భార్య కెర్రీ టేటీపాట్ వండింది. మాంసం, బంగాళాదుంపలు, నల్ల సాసేజీ వేసి పొద్దుటినుంచీ ఉడికించే కూర. నాకు కూడా ఒక పళ్ళెం పెట్టింది కానీ మొహంలో నవ్వు లేదు. షేన్ సోఫాలో కాలు చాపుకుని, మోకాలి మీద ఐసులా గడ్డకట్టిన బఠాణీల సంచి పెట్టుకుని ఉన్నాడు.

"రా కెప్టెన్. నా కాలు కొనడానికొచ్చావా?" అన్నాడు.

"అద్దెకి చాలు," అన్నాను. "ఎనభై నిమిషాలకి."

వాడు నవ్వాడు. కెర్రీ నవ్వలేదు.

"ఈయన పరంజాలెక్కే మనిషి, రస్. నాలుగంతస్తులెక్కుతాడు. మోకాలు పోతే ఏం తినాలి మేము?"

"కెర్రీ, పైకెళ్తే వాడు పరంజా ఎక్కక్కర్లేదు. రోజంతా ఆటే ఉద్యోగం. రెండేళ్ళ ఒప్పందం. ఆపరేషన్ కూడా క్లబ్బే చూసుకుంటుంది."

"గెలిస్తే పైకెళ్తామని నీకెవరు చెప్పారు? మార్కులన్నారుగా?"

"మామయ్య చెప్పాడు. లెక్క చూశాడట. గెలిస్తే చాలు."

ఆమె చేతులు తుడుచుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నువ్వు మాటిస్తున్నావా? మీ మామ కాదు. నువ్వు."

"ఇస్తున్నాను," అన్నాను.

షేన్ ఐసు సంచి తీసి కిందపెట్టాడు. "సరేలే," అన్నాడు. "ముప్పై రెండు దాటిపోతోంది. పై అంచెలో ఒక్కసారైనా ఆడకపోతే నా పిల్లలకి ఏం కోతలు కోయను?"

ఆదివారం మేం మార్ల్‌డేల్ జట్టుతో ఆడాం. ఆట మొదలయ్యే ముందు నొప్పి తెలియకుండా ఒక సూది, మధ్యలో విరామంలో ఒక సూది వేయించుకున్నాడు షేన్. రెండోసారి సూది దిగుతుంటే నా చెయ్యి పట్టుకుని, "ఈ కాలు ఎవరిదో నాకు తెలీడం లేదురా," అన్నాడు. డెబ్భై నిమిషాలు అయ్యేసరికి మేం పన్నెండు, వాళ్ళు పదహారు. డెబ్భై ఒకటో నిమిషంలో నన్ను వాళ్ళ చివరి గీతకు రెండు గజాల ఇవతల పడగొట్టారు. నేను లేచి బంతిని కాలితో వెనక్కి తోశాను. షేన్ దాన్ని అందుకుని, ఎవరికీ ఇవ్వకుండా, నా పక్కనుంచి పాములా నేలబారున దూరి గీత అవతల ఆనించాడు. వాడి మీద ఇద్దరు పడ్డారు. ఆ ఇద్దరూ లేచాక వాడు లేవలేదు. జనం అరుపుల్లో కూడా వాడి కేక నాకు వినబడింది.

అలా ఆనించిన ట్రైకి నాలుగు, తర్వాతి కిక్కుకి రెండు. పద్దెనిమిది, పదహారు. మిగిలిన తొమ్మిది నిమిషాలూ మేం గోడ కట్టినట్టు నిలబడ్డాం. గంట మోగాక నేను కప్పు దగ్గరికి వెళ్ళలేదు, స్ట్రెచర్ దగ్గరికి వెళ్ళాను. షేన్ మొహం పాలిపోయి ఉంది.

"పైకెళ్తున్నామా?" అన్నాడు.

"పైకెళ్తున్నాం."

"అయితే సరే."

బస్సు మా ఊరి పొలిమేర చేరేసరికి ఇంకా ఎండ ఉంది. రోడ్డు పొడుగునా జనం. వాకిళ్ళలో దుప్పట్ల మీద ఎర్రరంగుతో రాసి వేలాడదీశారు. మామయ్య బస్సు మెట్ల మీద నిలబడి, కప్పు పట్టుకుని, ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలుస్తూ చెయ్యి ఊపాడు. షేన్‌ను మేం నలుగురం కుర్చీతో సహా దింపాం.

మార్కులు చెప్పేది అక్టోబరు చివరి బుధవారం. ఆ రోజు పొద్దున పదింటికి క్లబ్బు గదిలో టీవీ ముందు రెండొందలమందికి పైగా పోగయ్యారు. ఆఫీసులకు సెలవు పెట్టినవాళ్ళున్నారు, పెట్టకుండా వచ్చినవాళ్ళున్నారు. షేన్ చంకకర్రలు పక్కన పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. పక్కన కెర్రీ.

తెర మీద పేర్లు పై నుంచి కిందికి వచ్చాయి. పన్నెండో పేరు ఒక పెద్ద నగరం క్లబ్బుది. ఆ ఏడు పై అంచెలో ఇరవై ఆటలు ఓడిపోయినవాళ్ళు. వాళ్ళకి పద్నాలుగు చిల్లర. తర్వాత పదమూడు, పద్నాలుగు, పదిహేను. మేం పదహారు. మార్కులు పదకొండు పాయింట్ సున్నా రెండు.

వెంట్రుకవాసి కాదు. మూడు మార్కులు.

ఒక పెద్దావిడ, "గెలిచింది మనమే కదా?" అని పక్కనున్నవాళ్ళను అడుగుతోంది. తప్పు లెక్క వేశారేమో అన్నట్టు అందరివైపూ చూస్తోంది.

మామయ్య కుర్చీ ఎక్కాడు. "మనల్ని పట్టపగలు దోచుకున్నారు! మనవాళ్ళ రక్తం, మనవాళ్ళ ఎముకలు వీళ్ళ కంటికి ఆనవు. వీళ్ళకి తెరలు కావాలి, కుర్చీలు కావాలి. నేను వద్దని చెయ్యెత్తాను, మీకు తెలుసు! మళ్ళీ వెళ్తాను, మళ్ళీ పోట్లాడతాను!"

చప్పట్లు మొదలయ్యాయి. షేన్ కూడా కొట్టాడు. నేను వెళ్ళి మామయ్యను కావలించుకున్నాను. అతని చెంపల మీద తడి నా చెంపకు తగిలింది. ఆ తడి ఇప్పటికీ నాకు జ్ఞాపకమే. నిజమైన కన్నీళ్ళే అవి. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నవంబరు మొదటి వారంలో మా జట్టుకూ, పొరుగూరి ఎల్లర్‌పోర్ట్ జట్టుకూ ఆడిన ఒక పెద్దాయన పోయాడు. ఖననం అయ్యాక చర్చి హాల్లో టీ, హామ్ శాండ్‌విచ్‌లు. ఎల్లర్‌పోర్ట్ క్లబ్బు కార్యదర్శి ఎనిడ్ రాత్‌బోన్ నా పక్కన కూర్చుంది. డెబ్భై దాటిన మనిషి. మా ఊరంటే పుట్టినప్పటినుంచీ పడదు, అది దాచుకోదు కూడా.

"మీవాడి మోకాలు ఎలా ఉందయ్యా?" అంది.

"బాగాలేదు ఎనిడ్ గారూ. ఇంకో ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. ఆట అయితే అయిపోయినట్టే."

"పాపం. కప్పు కోసం అంత తెగించాడంటే మెచ్చుకోవాలి."

"కప్పు కోసం కాదండీ. పైకెళ్తామని."

ఆమె టీ కప్పు సాసర్ మీద పెట్టింది. "పైకెలా వెళ్తారు?"

"గెలిస్తే మార్కులు సరిపోతాయని..."

"ఎవరన్నారు? ఆగస్టులోనే అందరికీ ఉత్తరాలొచ్చాయిగా. ఫైనల్ గెలిస్తే ఇన్ని, ఓడితే ఇన్ని అని రెండు లెక్కలూ వేసి మరీ పంపారు. మాకు రెండూ ఏడుపు లెక్కలే. మీకు గెలిస్తే పదకొండు చిల్లర అని మీ క్లైవే నాకు ఫోన్‌లో చెప్పాడు."

నా చేతిలో శాండ్‌విచ్ అలాగే ఉంది.

ఆమె నా మొహం చూసింది. తర్వాత మెల్లగా అంది. "మీ ఊరివాళ్ళంటే నాకు గిట్టకపోవచ్చు రస్, కానీ నీకు తెలియాలి. ఆ ఓటింగ్‌లో నేను ఉన్నాను. వద్దన్న నలుగురిలో నేనొకదాన్ని. కావాలని మొట్టమొదట చెయ్యెత్తింది మీ మామే."

మర్నాడు శనివారం. పొద్దున తొమ్మిదింటికి మైదానానికి వెళ్ళాను. మామయ్య జనం కూర్చునే పాత స్టాండులో ఒక్కడే ఉన్నాడు. చివికిపోయిన బల్లచెక్కలు ఊడబెరికి కొత్తవి బిగిస్తున్నాడు. ఆ పని చెయ్యమని అతన్నెవరూ అడగలేదు. పంతొమ్మిదేళ్ళుగా అతను అలాంటి పనులన్నీ చేస్తూనే ఉన్నాడు.

"ఆ కొస పట్టుకో రస్," అన్నాడు నన్ను చూసి.

పట్టుకోలేదు. "ఆగస్టులో ఉత్తరం వచ్చిందా మామా?"

అతను మేకు కొట్టడం ఆపలేదు. రెండు దెబ్బలు కొట్టాక ఆపాడు. "ఎవరు చెప్పారు? ఎనిడా?"

"వచ్చిందా?"

"వచ్చింది."

"గెలిచినా పదకొండేనని ఉందా?"

"ఉంది."

నేను బూతులు తిడతాననుకుని వెళ్ళాను. ఒక్కటీ రాలేదు. "ఎందుకు?" అని మాత్రం అనగలిగాను.

సుత్తి పక్కన పెట్టి కూర్చున్నాడు. "చూడు. మనం రెండుసార్లు పైకెళ్ళాం. ఒక్కో ఏడాది ఉన్నాం. ఉన్న ఏడాదీ తలకు మించి ఖర్చుపెట్టి, దిగొచ్చాక నడుం విరిగి పడ్డాం. రెండోసారి జీతాలివ్వలేక పదకొండుమందిని ఇంటికి పంపాను. ఒక్కొక్కడి ఇంటికీ వెళ్ళి నేనే చెప్పాను. ఒకడు నా మొహాన తలుపేశాడు, ఒకడు టీ ఇచ్చాడు. టీ ఇచ్చినవాడే నా నిద్ర పోగొట్టాడు. మార్కుల పద్ధతి వస్తే ఆ ఎక్కడం దిగడం ఉండదు, మెల్లగా నిలదొక్కుకుంటాం అనుకున్నాను. చిన్న క్లబ్బులకి స్టాండ్లు కట్టుకోడానికి సాయం చేస్తామన్నారు. నమ్మాను. చెయ్యెత్తాను."

"ఎత్తలేదని మాకు చెప్పావు."

"గదిలోకి వచ్చేసరికి మీ మొహాలు అలా ఉన్నాయి. నోరు రాలేదు."

"సరే. అది మూడేళ్ళ కిందటి మాట. మరి ఫైనల్ ముందు?"

"నిజం చెప్తే మీరలా ఆడేవాళ్ళా? ఎందుకూ పనికిరాని ఫైనలని తెలిస్తే ఊరు కదిలేదా? ఇన్నేళ్ళకి ఒక కప్పు, రస్. జనం మొహాలు చూశావుగా ఆ రోజు."

"షేన్ మోకాలు చూశావా?"

తల దించుకున్నాడు. మేకుల డబ్బాలో వేళ్ళు పెట్టి కెలికాడు. తర్వాత అన్నాడు, నెమ్మదిగా, ఏదో చిన్న సంగతి గుర్తుచేస్తున్నట్టు. "నేను షేన్ ఇంటికి వెళ్ళలేదు రస్. వెళ్ళింది నువ్వు."

అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి లేచింది కూడా. కానీ అరవై ఏడేళ్ళ మనిషి, మా అమ్మ తమ్ముడు, నా ముందు బల్లచెక్క మీద కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరిగి మెట్లు దిగి వచ్చేశాను. గేటు దాటాక గానీ తెలియలేదు, అతను అన్నది నిజమేనని. ఆ ఇంటికి అతను వెళ్ళి ఉంటే కెర్రీ గుమ్మం కూడా ఎక్కనిచ్చేది కాదు. అది తెలిసే నన్ను పంపాడు.

ఆదివారం షేన్ దగ్గరికి వెళ్ళాను. మొదటి ఆపరేషన్ తర్వాత వాడి కాలు సగానికి చిక్కిపోయింది. పరంజా కంపెనీవాళ్ళు దయతలిచి ఆఫీసులో ఫోన్లెత్తే పని ఇచ్చారు. కెర్రీ తలుపు తీసి, నా మొహం చూసి, పక్కకు తప్పుకుంది.

నిలబడే చెప్పాను. ఉత్తరం సంగతి, ఓటు సంగతి, స్టాండులో మాటలు, అన్నీ. ఒక్క ముక్క దాచలేదు. నేను ఆగాక షేన్ టీవీ కట్టేశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న, శుక్రవారం."

"శుక్రవారం."

"ఒట్టు షేన్."

"ఆ రోజు లెక్క చూశాడట అన్నావు. కాగితం ఉందన్నాడుగా మీ మామ, బట్టల గదిలో. చూశావా దాన్ని?"

"లేదు."

"చూపించమన్నావా?"

"లేదురా. మామయ్య కదా..."

"నీ మామయ్య," అన్నాడు. "నా మోకాలు."

కెర్రీ వంటింటి గుమ్మంలో నిలబడి అంది. "నమ్మి నానబోస్తే పుచ్చుగింజలని తేలింది. మీ మామాఅల్లుళ్ళకి కప్పు వచ్చింది. ఫోటో వచ్చింది. ఇక వెళ్ళు రస్."

"ఇతనికి ముందే తెలుసంటావా?" అని షేన్ ఆమెను అడిగాడు. నేను అక్కడ లేనట్టే.

"నాకేం తెలుసు?" అందామె. "మాట ఇచ్చింది మాత్రం ఇతనే."

షేన్ నావైపు చూశాడు. పద్నాలుగేళ్ళు నా మెడ మీద చెయ్యి వేసినవాడు నా మొహంలో నిజం ఉందో లేదో వెతుకుతున్నాడు. దొరకలేదనుకుంటాను. టీవీ మళ్ళీ పెట్టుకున్నాడు.

నవంబరు చివరి శనివారం క్లబ్బు వార్షిక సభ. నూటపాతికమంది సభ్యులు వచ్చారు. అధ్యక్షుణ్ణి మళ్ళీ ఎన్నుకునే ముందు ఎవరైనా మాట్లాడతారా అని అడిగితే లేచాను. గొంతు పెంచకుండా చెప్పాను. మా అమ్మ రెండో వరుసలో ఉంది. ఆమెకు ముందురోజే చెప్పాను. "చెప్పాలనుకుంటే చెప్పు, కానీ నన్ను చూస్తూ చెప్పకు," అంది. అందుకని గోడ మీద పాత జట్ల ఫోటోలు చూస్తూ చెప్పాను.

నేను కూర్చోగానే గొడవ మొదలైంది.

"సిగ్గులేదా క్లైవ్? అబద్ధాలాడి ఆడించావా?" అని ఒకడు.

"ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తావేం రా? నీకు అన్నం ముద్ద పెట్టినవాణ్ణి!" అని నా మీద ఇంకొకడు.

"కప్పు వచ్చిందిగా, ఇంకేం కావాలి?"

"నీ మోకాలు ఇవ్వు అయితే!"

మామయ్య లేచాడు. ఏదీ కాదనలేదు. "చెప్పినదంతా నిజమే. మీరు పొమ్మంటే పోతాను. కానీ రేపు పొద్దున గేటు తాళం ఎవరు తీస్తారో అది కూడా ఇప్పుడే తేల్చండి," అన్నాడు.

ఆ ఒక్క మాటతో గది చల్లబడింది. అధ్యక్ష పదవికి ఇంకెవరైనా పోటీ చేస్తారా అని మూడుసార్లు అడిగారు. ఎవరూ లేవలేదు. నన్ను అందరూ చూశారు. నేనూ లేవలేదు. ఆ కుర్చీలో కూర్చుంటే ఆ ఉత్తరాలన్నీ నాకు వస్తాయి, అవి చదివాక నేను మాత్రం ఏం చెబుతానో నాకు నమ్మకం లేకపోయింది. ఓట్లు లెక్కపెడితే మామయ్యకు డెబ్భై ఒకటి, వద్దని నలభై. షేన్ అన్నిటికన్నా వెనక కూర్చుని ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది. వాడు ఎటూ చెయ్యెత్తలేదు. చంకకర్రలు అందుకుని, తలుపు భుజంతో తోసుకుని వెళ్ళిపోయాడు. తలుపు పట్టుకోవడానికి లేచినవాడి చెయ్యి విదిలించేశాడు.

మరుసటి సోమవారం నా జెర్సీ ఉతికి, మడతపెట్టి, క్లబ్బు ఆఫీసులో ఇచ్చేశాను. ముప్పై మూడేళ్ళకి ఆట మానేశాను. క్రిస్మస్‌కి ఏటా మామయ్య మా ఇంట్లోనే భోంచేసేవాడు. ఆ ఏడు అమ్మ అతన్ని మధ్యాహ్నానికి, నన్ను సాయంత్రానికి పిలిచింది. మధ్యాహ్నం వండిన బాతు మాంసం మళ్ళీ వేడిచేసేసరికి ఎండిపోయింది.

మరుసటి ఏడు క్లబ్బు పెద్ద తెర పెట్టింది. ఆటల్లో అయిదో స్థానం, మార్కుల్లో పద్నాలుగో స్థానం. ఓడినా మార్కులు పెరిగాయని మామయ్య పత్రికలో సంబరంగా చెప్పాడు. బహుశా అతను మొదటినుంచీ చెప్పింది నిజమేనేమో. మెల్లగా, కప్పులూ కన్నీళ్ళూ లేకుండా, ఏదో ఒక రోజు మా ఊరు పైకి వెళ్తుందేమో. నాకు మాత్రం ఆ వార్త చదివితే ఏమీ అనిపించలేదు. ఫైనల్ రోజు మామయ్య నాకు నిజం చెప్పి ఉంటే ఆడేవాణ్ణేనని నాకిప్పుడు అనిపిస్తుంది. షేన్‌ను మాత్రం అడిగేవాణ్ణి కాదు.

కిందటి మే నెలలో షేన్ వాళ్ళ వీధిలో పెద్ద పైపు పగిలింది. మా ముఠా వెళ్ళింది. రోడ్డు తవ్వి, నడుములోతు గోతిలో దిగి నేను పనిచేస్తుంటే పైన నీడ పడింది. షేన్. చంకకర్రలు లేవు. ఒక చేతికర్ర ఉంది. నడిచేటప్పుడు కుడికాలు వంగడం లేదు. దాదాపు ఏడాదిన్నర తర్వాత మేం ఎదురుపడడం అదే.

"నీళ్ళెప్పుడొస్తాయి?" అన్నాడు.

"రెండింటికి."

"కెర్రీ బట్టలు నానబెట్టింది. సబ్బుతో అలాగే ఉన్నాయి."

"రెండింటికి తప్పకుండా వస్తాయి."

"నీ మాటేనా, కంపెనీ మాటా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. నేను గోతిలోంచి తలెత్తి చూశాను. వాడి కణతల దగ్గర జుట్టు నెరిసింది.

"నా మాట కాదు," అన్నాను. "పైపు చూశాను. ఇక్కడొక్కచోటే పగిలింది. కొత్త ముక్క అదిగో, బండి మీదుంది. కావాలంటే చూడు."

వాడు బండి వైపు చూశాడు. కర్ర ఊనుకుని, నాలుగడుగులు వేసి, ఆ పైపుముక్కను చేత్తో తట్టి చూశాడు. తర్వాత ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను మళ్ళీ వంగి, బురద తోడి, పాత ముక్క కోసి, కొత్తది అతికించాను. ఒంటిగంటా నలభైకి నీళ్ళు వదిలాను.